ఉపోసథం నుంచి పవారణ దాకా: బౌద్ధ చరిత్రలో విరామం

2014 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి జూన్ 21ని అంతర్జాతీయ యోగా దినంగా ప్రకటించిన తరువాత ఏటా ఆ ఉదయం పాఠశాలల్లోను, కార్యాలయాల ఆవరణల్లోను చాపలు పరుస్తున్నారు. ఆసనానికీ ఆసనానికీ నడుమ కాసేపు ఆగమని, ఉచ్ఛ్వాస నిశ్వాసాల మధ్యనున్న సందును గమనించమని, ఆ గమనింపును వంటింటికీ బస్సు ప్రయాణానికీ వెంట తీసుకుపొమ్మని శిక్షకులు చెబుతున్నారు. మన వాడల పిల్లలు కూడా ఆ వరుసల్లో కూర్చుంటున్నారు. ఇంటికి వచ్చి, ఇది మనదేనా అని అడుగుతున్నారు.

ఈ ప్రశ్నకు మన ఉపాసకుల్లో రెండు జవాబులు వినబడుతున్నాయి. కళ్లు మూసుకుని కూర్చోవడం తీరిక గలవారి వ్యాపకం, బాబాసాహెబ్ మనకిచ్చినది సామాజిక ధమ్మం, ధ్యానంతో మనకు పని లేదని కొందరి మాట. పది రోజుల శిబిరంలో కూర్చుని వచ్చిన మరికొందరికి ధమ్మమంటే అదొక్కటే. మొదటివారి అనుమానంలో న్యాయముంది, రెండవవారి అనుభవంలో సత్యముంది. అయితే ఇద్దరూ చరిత్ర పుటలను తిప్పకుండానే మాట్లాడుతున్నారని మా అభిప్రాయం. విరామానికి కూడా ఒక చరిత్ర ఉంది. దాని తొలి అధ్యాయాలు వినయపిటకంలో ఉన్నాయి.

అంతకన్నా ముందు బోధిసత్త్వుని సాధన గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. ఇల్లు విడిచిన సిద్ధార్థుడు ఆలార కాలాముని వద్ద, ఉద్దక రామపుత్తుని వద్ద ఆనాటి ధ్యానమార్గాలను నేర్చి, వాటితో తృప్తి చెందక కఠోర తపస్సుకు దిగాడు. ఆ తపస్సులో ఊపిరి బిగబట్టడం ఒకటి. మజ్ఝిమనికాయంలోని మహాసచ్చక సుత్తంలో ఆ అనుభవాన్ని ఆయనే వివరించాడు. నోటినీ ముక్కునూ మూసి శ్వాసను ఆపితే చెవులగుండా గాలి కమ్మరి కొలిమి తిత్తిలా హోరుమన్నదట. చెవులు కూడా మూస్తే తల చీలిపోయేటంత నొప్పి, కడుపు కోసినంత బాధ, ఒళ్లంతా నిప్పులపై కాల్చినంత మంట. ఇంత చేసినా జ్ఞానం కలగలేదు. అప్పుడాయనకు చిన్ననాటి సంగతి ఒకటి గుర్తుకు వచ్చింది. తండ్రి పనిలో ఉండగా తాను నేరేడు చెట్టు చల్లని నీడన కూర్చున్నప్పుడు, ఏ బలవంతమూ లేకుండా మనస్సు కుదుటపడిన ఘడియ అది. బోధికి దారి ఇదే కావచ్చునని అనుకున్నాడు. తపస్సు మాని అన్నం తిన్నాడు.

తరువాతి కాలపు కవి అశ్వఘోషుడు బుద్ధచరితంలో ఈ నేరేడు నీడకు ముందు మరొక దృశ్యాన్ని ఉంచాడు. నాగలి చాళ్లలో చితికిపోయిన పురుగులనూ, ఎండకూ గాలికీ కమిలి అలసిన దున్నేవారినీ, ఎద్దులనూ చూసి రాకుమారుడు కలత చెందుతాడు. ఆ తరువాతనే చెట్టు కిందికి పోయి కూర్చుంటాడు. కవి కల్పనే కావచ్చు, కాని ఆ క్రమం మనకు ముఖ్యం. ఆ కథలో బోధిసత్త్వుని తొలి విరామం శ్రమను చూసిన కన్నుల్లోంచి పుట్టింది.

ఊపిరిని ఆపడం విడిచిపెట్టినవాడు ఊపిరిని గమనించడం నేర్పాడు. ఆనాపానసతిలో శ్వాసను బిగబట్టమన్న మాట లేదు. దీర్ఘంగా పీల్చినప్పుడు దీర్ఘమని, హ్రస్వంగా పీల్చినప్పుడు హ్రస్వమని తెలిసి ఉండాలి, అంతే. సతిపట్ఠాన సుత్తం దీనికి చెప్పిన ఉపమానం చెక్కను తరిమెన పట్టే పనివానిది. లాగుడు పొడవైనదో పొట్టిదో నిపుణుడైన పనివానికి, అతని దగ్గర నేర్చుకునే కుర్రవానికి కూడా చేతికి తెలుస్తూనే ఉంటుంది. ఆ ఎరుకనే శ్వాస మీద నిలపమన్నాడు. ఇక పతంజలి యోగసూత్రాల్లో ప్రాణాయామమంటే శ్వాసప్రశ్వాసల గతిని ఛేదించడం. అదే గ్రంథంలో మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అనే నాలుగూ కనిపిస్తాయి. ఇవి మన బ్రహ్మవిహారాలే. ఇచ్చిపుచ్చుకోవడం జరిగిందనడానికి ఈ ఒక్కటి చాలు. ఎవరిది ఎవరు దొంగిలించారన్న తగవుతో మాకు ఆసక్తి లేదు. పాలి వాఙ్మయంలో యోగమనే మాటకు సాధన అనే అర్థంతో పాటు కట్టు అనే అర్థం కూడా ఉంది. కామం, భవం, దృష్టి, అవిద్య అనేవి నాలుగు యోగాలు, నిర్వాణం వాటి నుంచి విడుదల అని పిల్లలకు చెప్పగలిగితే చాలు.

ఇప్పుడు వినయపిటకానికి వద్దాం. మహావగ్గంలో రెండవ ఖంధకం ఉపోసథానిది. మగధ రాజు బింబిసారుడు ఏకాంతంలో ఉండగా అతనికొక ఆలోచన వచ్చింది. ఇతర పరివ్రాజకులు పక్షంలో ఎనిమిదవనాడు, పద్నాలుగవనాడు, పదిహేనవనాడు ఒకచోట చేరి ధర్మం చెబుతున్నారు, జనం వెళ్లి వింటున్నారు, వారి పట్ల ఆదరం పెంచుకుంటున్నారు; మన భిక్షువులు కూడా అలా సమావేశమైతే బాగుండునని. ఆ మాట బుద్ధునికి విన్నవించాడు. బుద్ధుడు అంగీకరించాడు. భిక్షువులు ఆ తిథులలో చేరారు, కాని ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు. వినడానికి వచ్చిన జనానికి విసుగు పుట్టింది. మూగ పందుల్లా కూర్చుంటారేమిటి, చేరినప్పుడు ధర్మం చెప్పవద్దా అని బాహాటంగానే సణిగారు. ఆ సణుగుడు బుద్ధుని చెవిన పడింది. చేరినప్పుడు ధర్మం చెప్పవలసిందని ఆయన ఆదేశించాడు.

ఈ కథను మేము పదే పదే చదువుకుంటాం. పనులు ఆపి కూర్చోవడం చాలదని భిక్షువులకు మొదట చెప్పినవారు సామాన్య జనం. వారి మాటను గౌరవించి నియమం మార్చినవాడు బుద్ధుడు. పంటచేలలో, మగ్గాల దగ్గర, బజారులో పని ఆపుకుని వచ్చినవారికి తమ విరామానికి ఒక ఫలం కావాలని కోరే హక్కు ఉన్నదని ఆ ఆదేశం ఒప్పుకుంది.

ఉపోసథమనే మాట వైదికమైన ఉపవసథం నుంచి వచ్చింది. యజ్ఞానికి ముందునాడు యజమాని నియమంతో గడిపే రోజు అది. మాట ఒకటే అయినా లోపలి వస్తువు మారిపోయింది. ఎంతగా మారిందో తెలియాలంటే వైదికుల అనధ్యాయ నియమాలను పక్కన పెట్టి చూడాలి. అనధ్యాయమంటే వేదపఠనానికి విరామం. మనుస్మృతి నాలుగవ అధ్యాయం అమావాస్య, చతుర్దశి, అష్టమి, పౌర్ణమి తిథులలో వేదం చదవరాదంటుంది. శూద్రుల సన్నిధిలో చదవరాదని కూడా అక్కడే ఉంది. మనుస్మృతి బుద్ధుని తరువాతి శతాబ్దాలదే, కాని ఈ ఆలోచన అంతకు ముందునుంచీ ఉంది. తెలుగునాట బ్రాహ్మణుల్లో ఎక్కువమంది అనుసరించే ఆపస్తంబుని ధర్మసూత్రం, అధ్యయనం విషయంలో శూద్రుడు శ్మశానంతో సమానమని చెప్పింది. అతడు దగ్గర ఉంటే చదువు ఆగిపోవాలి. అంటే అక్కడ మన పూర్వీకుల ఉనికే ఒక అనధ్యాయం. అవే అష్టమి, చతుర్దశి, పౌర్ణమి తిథులలో బౌద్ధ విహారంలో జరిగినదేమిటి? ద్వారం తెరిచి, వచ్చినవారందరికీ ధర్మం వినిపించారు. అక్కడ మనలను చూసి మాట ఆగేది. ఇక్కడ మన కోసం పని ఆగి మాట మొదలయ్యేది. 1927 డిసెంబరు 25న మహాడ్‌లో బాబాసాహెబ్ నాయకత్వాన మనుస్మృతి దహనం ఎందుకు జరిగిందో కొత్త తరానికి చెప్పేటప్పుడు, ఈ తిథుల సంగతి కూడా చెప్పాలని మా సూచన.

మూడవ ఖంధకం వర్షావాసం. వానాకాలంలోనూ భిక్షువులు ఊళ్లు తిరుగుతూ పచ్చగడ్డిని తొక్కుతున్నారని, చిన్న ప్రాణులను చంపుతున్నారని, పక్షులు కూడా గూళ్లు కట్టుకుని నిలిచే కాలంలో వీరికి నిలకడ లేదని జనం తప్పుపట్టారు. ఇక్కడా నియమానికి మూలం జనవాక్యమే. ఆషాఢ పౌర్ణమి మరునాటి నుంచి మూడు నెలలు ఒకే చోట ఉండాలన్న నియమం దానితో ఏర్పడింది. ఈ మూడు నెలల బసే విహారాలకు పునాది అయింది. తెలుగు నేల మీద దాని జాడలకు కొదవ లేదు. గుంటుపల్లిలో కొండను తొలిచిన గదులు, గుడిసె కప్పును రాతిలో దించిన గుండ్రని చైత్యం ఉన్నాయి. భీమిలి దారిలో సముద్రాన్ని చూస్తూ ఉన్న తొట్లకొండ, బావికొండల మీద భిక్షువుల గదులు, సభామండపాలు, వాననీరు పట్టి నిలిపిన తొట్లు ఉన్నాయి. ఊరివారు విహారాన్ని మరచిపోయారు, నీటి తొట్లను మాత్రం గుర్తుపెట్టుకుని కొండకు ఆ పేరు ఉంచారు. అనకాపల్లి దగ్గరి శంకరం అనే ఊరి పేరులో సంఘారామం అనే మాట దాగి ఉన్నట్లు చాలామందికి తెలియదు.

ఉపాసకుల ఉపోసథంలో ఎనిమిది శీలాలు ఉన్నాయి. మధ్యాహ్నం తరువాత భోజనం లేదు, ఆటపాటలు లేవు, ఎత్తైన పరుపులు లేవు. అంగుత్తర నికాయంలో బుద్ధుడు విశాఖకు ఉపోసథాల్లోని తేడాలు చెబుతూ ఒకదానికి ఆవులకాపరి ఉపోసథమని పేరుపెట్టాడు. సాయంత్రం యజమానులకు ఆవులను అప్పగించిన కాపరి, నేడు ఇవి ఫలానా చోట మేశాయి, రేపు ఫలానా చోట మేస్తాయని లెక్కవేసుకుంటాడు. అలాగే కొందరు ఉపోసథం పట్టి, నేడు ఫలానాది తిన్నాను, రేపు ఫలానాది తింటానని తలపోస్తూ ఆ రోజంతా గడుపుతారట. శరీరం ఆగింది, మనస్సు మేతకు పోయింది. తెలుగులో దీనికి పరధ్యానమని చక్కని మాట ఉంది. ధ్యానం లేకపోవడమని కాక, వేరొకచోటి ధ్యానమని మన భాష దానిని గుర్తించింది.

అశోకుడు ఈ తిథులను రాజ్యపు పంచాంగంలోకి ఎక్కించాడు. ఐదవ స్తంభ శాసనంలో ఉపోసథ దినాలలో చేపలను చంపరాదు, అమ్మరాదు అన్నాడు. అష్టమి, చతుర్దశి, పంచదశులలో కోడెలకు, పొట్టేళ్లకు విత్తులు కొట్టరాదన్నాడు. కొన్ని దినాలలో గుర్రాలకు, ఎద్దులకు వాతలు వేయడం కూడా మానిపించాడు. సారనాథ్ శాసనంలోనైతే ఉపాసకులు, మహామాత్రులు ప్రతి ఉపోసథానికీ వచ్చి ఆ ఆదేశాన్ని తెలుసుకోవాలని రాయించాడు. పాలకుని అధికారీ, సామాన్య గృహస్థుడూ ఒకే రోజున ఒకే మాట వినడానికి రావాలన్నమాట. చక్రవర్తి ఆజ్ఞలు ఎంతవరకు అమలు జరిగాయన్నది వేరే ప్రశ్న. కాని పశువుకు కూడా విరామదినం ఉండాలని ఒక రాజ్యం రాతి మీద చెక్కించినది ఈ దేశంలోనే.

విహారాలు శిథిలమైన తరువాత ఆ పంచాంగం పోయింది. శ్రమ మాత్రం పోలేదు. పాలేరుకు, జీతగానికి, వెట్టివానికి రోజు కోడికూతకు ముందే పశువుల కొట్టంలో మొదలై, రాత్రి మేత వేసేదాకా ముగియలేదు. నాట్లలో వంగిన ఆడవారికి నడుము ఎత్తే అవకాశం మేస్త్రీ దయ మీద ఆధారపడింది. ఊపిరి సలపని పని అని మనం వాడే మాట వట్టి అలంకారం కాదు. విరామం అనేది కొందరి ఆస్తిగా మారినప్పుడు, మిగిలినవారికి ధ్యానం గురించి చెప్పడం ఎగతాళి అవుతుంది. మొదటి వర్గం ఉపాసకుల అనుమానంలో న్యాయముందని మేము అన్నది ఇందుకే.

ఆ ఆస్తిని తిరిగి పంచిన పోరాటం కూడా మనదే. మహాత్మా ఫూలే అనుచరుడు, సత్యశోధక్ సమాజ్ కార్యకర్త నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో బొంబాయి మిల్లు కార్మికుల సంఘం స్థాపించాడు. ఏళ్లతరబడి సాగిన ఆందోళన తరువాత 1890 జూన్‌లో ఆ మిల్లులకు ఆదివారం సెలవు దక్కింది. 1942 నుంచి 1946 వరకు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడుగా బాబాసాహెబ్ పనిగంటల తగ్గింపుకు పూనుకున్నాడు. 1946 ఫ్యాక్టరీల సవరణ చట్టం వారానికి 54 గంటల పనిని 48కి దించింది. ఈ చట్టాన్ని ధమ్మ చరిత్రలో చేర్చి చెప్పేవారు తక్కువ. మేము చేర్చుతాము. ఎనిమిది గంటల పని లేనిచోట అష్టాంగ మార్గంలోని సమ్యక్ స్మృతికి చోటెక్కడ?

శ్రీలంకలో ఇదే ప్రశ్న మరొక రూపంలో వచ్చింది. క్రైస్తవ పాలకుల కాలంలో పోయిన వైశాఖ పౌర్ణమి సెలవు 1885లో తిరిగి వచ్చింది. స్వతంత్ర ప్రభుత్వం 1966లో ఆదివారాన్ని తీసివేసి, చంద్రుని గతిని బట్టి వచ్చే పోయ దినాలనే వారాంతపు సెలవుగా చేసింది. వ్యాపారానికి, రేవులకు లెక్క కుదరక 1971లో ఆదివారాన్ని పునరుద్ధరించారు. పౌర్ణమి సెలవు మాత్రం ఇప్పటికీ ఉంది.

గృహస్థుల మధ్యకు ధ్యానం తిరిగి వచ్చిన మార్గం బర్మా మీదుగా సాగింది. 1885లో ఆ దేశం పూర్తిగా బ్రిటిషువారి చేతిలో పడ్డాక, రాజాశ్రయం లేని శాసనాన్ని ప్రజలే కాపాడుకోవాలన్న ఆలోచనతో లేడీ సయాడో గృహస్థులకు అభిధమ్మాన్ని, ధ్యానాన్ని బోధించసాగాడు. ఆయన శిష్యుడు సయా తెజ్జీ రైతు. తెజ్జీ శిష్యుడు ఊ బా ఖిన్ స్వతంత్ర బర్మాకు అకౌంటెంట్ జనరల్; లెక్కల గుమాస్తాలకు కార్యాలయంలోనే ధ్యానం నేర్పి, 1952లో రంగూన్‌లో ధ్యానకేంద్రం నెలకొల్పాడు. ఆయన వద్ద నేర్చిన సత్యనారాయణ గోయెంకా 1969లో విపశ్యనను భారతదేశానికి తెచ్చాడు. రైతు నుంచి గుమాస్తాకు, గుమాస్తా నుంచి వ్యాపారికి వచ్చిన పరంపర ఇది. ఇందులో కులగురువు లేడు. బాబాసాహెబ్ 1954లో రంగూన్ వెళ్లినప్పుడు అక్కడ ఆరవ సంగాయనం జరుగుతున్నది. ఆయన తన చివరి గ్రంథపు పీఠికలో, భిక్షువు కేవలం పరిపూర్ణ మానవుడా, సమాజ సేవకుడా అని నిలదీశాడు. అది ధ్యానాన్ని కొట్టివేయడం కాదని మా అవగాహన. ఆయన 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో జనం చేత చేయించిన ప్రతిజ్ఞలలో అష్టాంగ మార్గం ఉంది, అందులో స్మృతి, సమాధి ఉన్నాయి. ఆయన అడిగినది ఆగినవాడు తిరిగి లేచి ఏమి చేస్తాడని.

ఆ ప్రశ్నకు వియత్నాం యుద్ధకాలంలో ఒక జవాబు వచ్చింది. బాంబులు పడిన పల్లెలలో పనిచేసే యువ సేవకుల కోసం థిచ్ నాట్ హాన్ ప్రవాసం నుంచి ఒక దీర్ఘమైన లేఖ రాశాడు. గిన్నెలు తోమేటప్పుడు, టీ తాగేటప్పుడు, నడిచేటప్పుడు ఎరుకతో ఎలా ఉండాలో అందులో ఉంది. తరువాత అది పుస్తకమై ప్రపంచమంతటా తీరిక వేళల పఠనంగా మారింది. కాని అది మొదట చేరవలసినది చావు నడుమ అలసిపోయి, కోపంతో కుంగిపోయే ప్రమాదమున్న కార్యకర్తలకు. మన కార్యకర్తలు దానిని ఆ దృష్టితో చదవాలి. సతిపట్ఠాన సుత్తం చెప్పినదీ ఇదే కదా: ముందుకు నడిచేటప్పుడు, వెనుకకు మరలేటప్పుడు, చేయి చాచేటప్పుడు, ముడిచేటప్పుడు, తినేటప్పుడు, మాట్లాడేటప్పుడు, మాట్లాడకుండా ఉన్నప్పుడు తెలిసి ఉండడం. దీనికి చాప అక్కరలేదు.

చివరగా మహావగ్గంలోని నాలుగవ ఖంధకం, పవారణ. కోసల దేశంలో కొందరు భిక్షువులు వర్షావాసంలో తగవులు రాకూడదని మూడు నెలలూ ఒకరితో ఒకరు మాట్లాడకూడదని ఒప్పందం చేసుకున్నారు. భిక్ష నుంచి ముందు వచ్చినవాడు ఆసనాలు పరిచి నీళ్లు పెట్టేవాడు, తరువాత వచ్చినవాడు ఊడ్చేవాడు, కుండ ఖాళీ అయితే చూసినవాడు నింపేవాడు, బరువైతే చేసైగతో మరొకరిని పిలిచేవాడు. అంతా చక్కగా జరిగిందని సంతోషంతో బుద్ధునికి చెప్పుకున్నారు. ఆయన మెచ్చుకోలేదు. పశువుల్లా, గొర్రెల్లా కలిసి బతికి, సుఖంగా ఉన్నామంటున్నారే అని మందలించాడు. మూగవ్రతం పట్టరాదన్నాడు. దానికి బదులు, వర్షావాసం ముగిసిన పౌర్ణమినాడు ప్రతివారూ సంఘం ముందు చేతులు జోడించి, నాలో మీరు చూసినది, విన్నది, అనుమానించినది ఏదైనా తప్పు ఉంటే దయతో చెప్పండి, దిద్దుకుంటాను అని మూడుసార్లు అడగాలని విధించాడు.

మన సంఘాలలో పదిమంది కలిసి ఉపోసథంనాడు ఒక గంట కూర్చోవడం ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది. పవారణ మాత్రం భిక్షువుల వ్యవహారమని విడిచిపెట్టాం. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ఏటా ఒక పౌర్ణమినాడు సభ్యుల ముందు ఆ మాట అడిగితే ఎలా ఉంటుందో ఆశ్వయుజ పౌర్ణమికి ముందు జరిగే సర్వసభ్య సమావేశంలో చర్చించాలని కోరుతున్నాము. వరుస కూడా వినయంలోనే ఉంది: అందరికన్నా పెద్ద థేరుడు ముందు అడగాలి, తరువాత చిన్నవారు. తొలుత అందరూ అడగడం పూర్తయ్యేదాకా ప్రతివారూ గొంతుకూర్చుని ఉండాలని నియమం పెట్టారు. ముదిమితో బలహీనుడైన ఒక థేరుడు అలా కూర్చుని కూర్చుని స్పృహ తప్పి పడిపోయాడు. బుద్ధునికి ఆ సంగతి తెలిసింది. తన వంతు అయ్యేదాకా గొంతుకూర్చుంటే చాలు, అడిగిన తరువాత ఆసనం మీద కూర్చోవచ్చునని అప్పుడే నియమం మార్చాడు.